లక్షా ఎనభై వేల వ్యూస్, రెండు చీరలు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది మంగళగిరి. ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి. ఒకదాని మీద మామగారు, ఇంకోదాని మీద మా ఆయన నేస్తారు. అత్తయ్య, నేను కండెలు చుడతాం. చీరకు రెండు రోజులు పడుతుంది. ఇన్నేళ్లూ మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో నేసి కూలి తీసుకునేవాళ్లం. 8 నెలల కిందట నేను పట్టుబట్టి, కొంత అప్పు చేసి సొంతంగా నూలు, జరీ కొనిపించి ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాను. ఇప్పటికి 140 పోస్టులు పెట్టాను. 900 మంది ఫాలోవర్లు వచ్చారు. చీర కట్టుకుని సినిమా పాటకు చేసిన ఒక రీల్‌కు లక్షా ఎనభై వేల వ్యూస్ వచ్చాయి. ఆ వారం అమ్మింది రెండు చీరలు. కామెంట్లలో అందరూ 'ప్రైస్ ప్లీజ్' అంటారు, చెప్పాక మాయమైపోతారు. ఒకబ్బాయి 6 వేలిస్తే 10 వేల మంది ఫాలోవర్లను తెస్తానంటున్నాడు. ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ మూడు చీరలు, 8 వేల రూపాయలు అడిగారు. పోయిన నెల ఒకావిడ 'ఫోటోలో ఎర్రగా ఉంది, వచ్చింది ఇటుక రంగు చీర, వీళ్లు మోసగాళ్లు' అని కామెంట్ పెడితే, తప్పు మీ ఫోన్‌దేనని రాసి ఆ కామెంట్ తీసేశాను. ఆవిడ ఇప్పుడు ప్రతి పోస్టు కిందా అదే రాస్తున్నారు. ఇంట్లో 19 చీరలు మిగిలాయి. వీధిలో పడి డాన్సులు చేస్తున్నానని చుట్టాలు నవ్వుతున్నారు. మళ్లీ మాస్టర్ వీవర్ దగ్గరికే పోదాం అంటున్నారు మా ఆయన. రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పేజీ మూసేయమంటారా?
— మంగళగిరి నుంచి ఒక సోదరి

సమాధానం: మూసేయొద్దమ్మా. కానీ ఇప్పుడు నడుపుతున్న తీరు మాత్రం ఆపేయండి.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట 'రెండు మగ్గాలు'. ముందు ఆ లెక్క చూద్దాం. నెలకు 26 పని రోజులనుకుంటే ఒక మగ్గం మీద 13 చీరలు, రెండింటి మీద 26. పడుగు, అంటే నిలువు పోగులు, మార్చే రోజులు, పండగలు, పెళ్లిళ్లు, జ్వరాలు, వానాకాలంలో నేసేవాళ్లు కాళ్లు పెట్టే గుంటలో నీళ్లు ఊరి మగ్గం ఆగిపోయే రోజులు తీసేయండి. ఎంత కష్టపడ్డా నెలకు 20, ఏడాదికి 240 చీరలు. మీ రీల్ చూసిన లక్షా ఎనభై వేల మందీ తలా ఒక చీర కావాలంటే మీ ఇంట్లో 750 ఏళ్లు నేయాలి. అంటే అంతమంది మీకు అక్కర్లేదు. ఏడాదికి రెండేసి చీరలు తీసుకునే ఇళ్లు 120 దొరికితే మీ మగ్గాలు ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండవు.

నూటిరవై ఇళ్లు. ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఉన్నంత మంది. మీరు ఫోన్ పట్టుకుని చేసే ప్రతి పనీ ఆ ఇళ్ల కోసమే చేయాలి. ఇది మనసులో పెట్టుకుంటే ఏ పోస్టు పెట్టాలి, ఎవరికి డబ్బివ్వాలి, ఎవరిని వదిలేయాలి అన్న ప్రశ్నల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

మరి ఆ రీల్ ఎందుకు అమ్మలేదు? మీరు పంపిన లింకు తెరిచి చూశాను. పాట బాగుంది, మీరు బాగున్నారు, చీర బాగుంది. చూసినవాళ్లు పాట కోసం ఆగారు, పాట అయిపోగానే పైకి జరిపేశారు. అది మంగళగిరి చీర అని గానీ, మీ ఇంట్లోనే నేశారని గానీ, ధర ఎంతో, ఎలా కొనాలో గానీ ఎక్కడా లేదు. కొనాలనుకున్న మనిషి కూడా 'ప్రైస్ ప్లీజ్' అని రాసి, మీరు చూసి జవాబిచ్చేసరికి ఇంకో పనిలో పడిపోతుంది. ఇంకో సంగతి. బిజినెస్ అకౌంట్ పెట్టుకున్నవాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ చాలా సినిమా పాటలు ఇవ్వదు. ఎలాగో పెట్టినా, పాట హక్కులున్న కంపెనీ అభ్యంతరం చెబితే రీల్ మూగబోతుంది. మీకు పాటతో పనేంటమ్మా? మీ ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక చప్పుడు వినపడుతుంది కదా, అడ్డపోగును మోసుకెళ్లే నాడె అటూ ఇటూ పోయే చప్పుడు. హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చున్న ఆడపిల్లకు అది కొత్త. అదే వినిపించండి.

ధర గురించి గట్టిగా చెబుతాను. ధర దాచి 'డీఎమ్ చేయండి', అంటే విడిగా మెసేజ్ పెట్టండి, అనే అలవాటును షాపుల వాళ్లను చూసి మీరూ నేర్చుకున్నారు. అది మానేయండి. ధర అడగడానికి మొహమాటపడే ఆడవాళ్లు మన దగ్గర చాలామంది. అడిగి, తమకు అందదని తెలిశాక ఏం చెప్పాలో తెలియక మాయమైపోతారు. మీకేమో అది అవమానంలా అనిపిస్తుంది. ధర ముందే రాస్తే కొనలేనివాళ్లు అడగరు, అడిగేవాళ్లు కొనడానికే అడుగుతారు. 1,850 అయితే 1,850 అని చీర ఫోటో మీదే రాయండి. మరమగ్గం మీద నేసినవి 600కు దొరుకుతున్నాయి, మీదెందుకు ఇంత అని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోవద్దు. నూలుకు ఇంత, జరీకి ఇంత, అద్దకానికి ఇంత, రెండు రోజుల కూలి ఇంత అని ఒక కాగితం మీద రాసి దాన్నే ఒక పోస్టుగా పెట్టండి. లెక్క చూపించేవాళ్లను జనం నమ్ముతారు. షాపు వాడు ఆ కాగితం చూపించలేడు.

ఇక ఏం చూపించాలి? మీ దగ్గర ఉన్నది, వేరేవాళ్ల దగ్గర లేనిది చూపించాలి. చీర కట్టుకుని నడిచే రీల్ అందరూ చేస్తారు. మామగారి చేయి నాడె విసిరే తీరు, అత్తయ్య వేళ్ల మధ్య నూలు కండెకు చుట్టుకునే తీరు, చీరలు కోసి మగ్గం మీద నుంచి దించే క్షణం మీ గడపలోనే ఉన్నాయి. తెగిన పోగును మీ ఆయన వెతికి ముడివేస్తారు కదా, 20 సెకన్ల ఆ వీడియో చూసినవాళ్లకు చీర ధర గురించి మీరు వేరే చెప్పక్కర్లేదు.

దగ్గర నుంచి చూపించాల్సినది ఇంకొకటి ఉంది. బట్ట వెడల్పు ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా బద్ద పెడతారు కదా, దాని మొనల వల్ల చీర రెండు అంచుల్లోనూ సూది గుచ్చినట్టు సన్నటి చిల్లులు వరుసగా పడతాయి. తెలియనివాళ్లు వాటిని చూసి డ్యామేజ్ పీస్ పంపారనుకుంటారు. ఫోన్‌ను అంచుకు దగ్గరగా పెట్టి, ఆ చిల్లులు చూపించి, అవి ఎలా పడతాయో బద్దతో సహా చూపించండి. రేపు రాబోయే ఫిర్యాదు ఇవాళే ఆగిపోతుంది. మంగళగిరి చీరకు బాడీ సాదాగా ఉండి అంచులోనే జరీ ఎందుకు ఉంటుంది, నిజాం బోర్డర్ అంటే ఏది, 80 కౌంట్ (నూలు సన్నదనం కొలత) నూలు అంటే చేతికి ఎలా ఉంటుంది లాంటివి మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విషయాలు కాబట్టి చెప్పాలని తోచలేదు. కొనేవాళ్లకు అవి తెలియవు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉందని కూడా చెప్పండి. ఆ ముద్ర మీ చీర మీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. చేతి మగ్గం మీద నేసిందని తెలిపే హ్యాండ్లూమ్ మార్క్ సంగతి విజయవాడలోని వీవర్స్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి అడగండి. మార్క్ వచ్చేదాకా దాని బొమ్మ పోస్టుల్లో వాడొద్దు.

మీ 140 పోస్టుల్లో చాలా వరకు రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసినవి. పగలంతా పనిలో ఉంటారు కాబట్టి అలా కుదిరిందని అర్థమైంది. కానీ మీ ఇటుక రంగు గొడవ మొదలైంది అక్కడే. రంగు ఫోటో పొద్దున 8 నుంచి 10 లోపు, ఎండ నేరుగా పడని వసారాలో తీయండి. ఫిల్టర్లు వద్దు. చీర పక్కన అందరికీ తెలిసిన వస్తువు ఒకటి పెట్టండి: టమాటా, మామిడాకు, పసుపు కొమ్ము, ఉల్లిపాయ. చూసేవాళ్ల ఫోన్‌లో టమాటా ఎంత ఎర్రగా కనిపిస్తుందో చూసుకుని చీర రంగు అంచనా వేసుకుంటారు. పేరు కూడా మన పేర్లే వాడండి. వంగపండు రంగు, చిలకపచ్చ, ఉల్లిపొర రంగు, నెమలికంఠం అంటే మన ఆడవాళ్ల కళ్ల ముందు రంగు వచ్చి నిలుస్తుంది. ఫోటో కింద రాసేటప్పుడు 'మంగళగిరి కాటన్ చీర, నిజాం బోర్డర్, ఉల్లిపొర రంగు, ధర ఇంత' అని తెలుగులో ఒకసారి, అదే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది. హ్యాష్‌ట్యాగుల దండ అక్కర్లేదు.

రోజూ పోస్టు పెట్టాల్సిన పని కూడా లేదు. ఆదివారం పొద్దున ఒక గంట కూర్చుని వారానికి సరిపడా తీసుకోండి. వారానికి రెండు రీల్స్, కొత్త చీర దిగినప్పుడల్లా ఒక ఫోటో, స్టేటస్‌లో రోజుకొకటి. అంతే. మిగతా సమయం అమ్మడానికి కావాలి. అమ్మకం జరిగేది ఇన్‌స్టాగ్రామ్‌లో కాదమ్మా, వాట్సాప్‌లో.

ఇన్‌స్టాగ్రామ్‌ను రోడ్డు మీద బోర్డు అనుకోండి. వాట్సాప్ మీ కొట్టు. బోర్డు మీద 8 నెలలు కష్టపడ్డారు, కొట్టు ఇంకా తెరవలేదు. వ్యాపారానికి వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి, ఉచితమే. మీ సొంత నంబరు ఎవరికీ ఇవ్వొద్దు. అందులో కేటలాగ్ ఉంటుంది. ఆ 19 చీరలూ పొద్దుటి వెలుగులో మళ్లీ ఫోటోలు తీసి, ధరలతో అక్కడ పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ పేజీ మీద ఈ వాట్సాప్ లింకు ఒక్కటే ఉండాలి.

ఎవరైనా అడిగితే మొదటి జవాబు ఇలా ఉండనివ్వండి: "నమస్తే అండీ. ఇది ఉల్లిపొర రంగు, 1,850 రూపాయలు, పార్శిల్ ఖర్చు మాదే. చీర ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. కావాలంటే వీడియో కాల్‌లో విప్పి చూపిస్తాను, 11 నుంచి 12 మధ్య మీకు వీలేనా?" ఆ చివరి మాట చాలా ముఖ్యం. నేను విజయవాడలో ఇంటి నుంచి చీరలు అమ్మిన రోజుల్లో వీడియో కాల్ చేసినవాళ్లలో కొనకుండా ఫోన్ పెట్టేసినవాళ్లు తక్కువ. వెనకాల మగ్గం కనిపిస్తుంటే, మామగారు నేస్తుంటే, మీరు చీర మడత విప్పి కొంగు చూపిస్తుంటే అవతలి మనిషికి ఇక అనుమానం ఉండదు. టైపు చేయడం కష్టంగా ఉంటే తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టండి. మన మాట వింటే నమ్మకం పెరుగుతుంది. ఒక్క జాగ్రత్త: కోపంలో ఉన్నప్పుడు మాత్రం వాయిస్ పెట్టొద్దు. ధర ఎక్కువన్న కస్టమర్‌ను తిట్టిన ఆడియోలు ఊరూరా తిరిగి వ్యాపారాలు మూతపడటం మనం చూశాం. కోపం వస్తే ఫోన్ అత్తయ్యకిచ్చి మగ్గం దగ్గరికి వెళ్లిపోండి.

కొన్నవాళ్లకు, కొనకపోయినా ఆసక్తిగా అడిగినవాళ్లకు "కొత్త చీర దిగినప్పుడు మీకు ఫోటో పంపమంటారా? అయితే నా నంబరు సేవ్ చేసుకోండి" అని అడగండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు అని ఉంటుంది. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది కాబట్టి ఆ మాట మరిచిపోవద్దు. మీకు కావలసిన 120 ఇళ్లు ఒక్క లిస్టులోనే సరిపోతాయి. గ్రూపు మాత్రం పెట్టకండి. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. వేరే అమ్మేవాళ్లు అందులో చేరి మీ కస్టమర్లకు విడివిడిగా మెసేజ్‌లు పెడతారు. వారానికి రెండుసార్లకు మించి పంపొద్దు. రోజూ గుడ్ మార్నింగ్ ఫోటోలు పంపితే బ్లాక్ చేస్తారు.

దీనికన్నా ముఖ్యమైనది ఒక నోట్‌బుక్. కాగితం నోట్‌బుక్కే. ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. టిక్‌టాక్ ఉన్న రోజుల్లో నాకు అక్కడ 40 వేల మంది ఉండేవాళ్లు. ఆర్డర్లన్నీ అక్కడి నుంచే. 2020 జూన్ 29న ప్రభుత్వం దాన్ని నిషేధించింది. రెండు రోజుల్లో యాప్ తెరుచుకోవడం ఆగిపోయింది. 40 వేల మందిలో ఒక్కరికి కూడా 'నేనిక్కడ ఉన్నాను' అని చెప్పే దారి లేదు. అంతకుముందు మా అమ్మ పోరు పడలేక, చీర కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు పాత లెడ్జర్‌లో రాసిపెట్టాను. 63 పేర్లున్నాయి. ఆ లాక్‌డౌన్ ఏడాది మా ఇల్లు నడిచింది ఆ 63 మంది వల్లే. తర్వాతి ఏడాది అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి దాదాపు ఆరు గంటలు ఆగిపోయినప్పుడు నాకు కంగారు పుట్టలేదు, లెడ్జర్ పక్కనే ఉంది.

మీ నోట్‌బుక్‌లో పేరు, ఊరు, నంబరు, ఏ రంగు కొన్నారు, ఎందుకు కొన్నారు అన్నవి రాయండి. 'కూతురి సీమంతం', 'స్కూల్లో టీచర్, రోజూ కాటన్ కడతారు' అని నాలుగు మాటలు. అడిగి, లేదంటే వెళ్లిపోయిన రంగు తప్పకుండా రాయండి. రేపు పడుగుకు ఏ రంగు అద్దించాలో ఆ జాబితానే చెబుతుంది. 19 చీరలు ఎందుకు మిగిలాయో కూడా అందులోనే తెలుస్తుంది. ఇప్పటిదాకా మీకు నచ్చిన రంగులు నేశారు, ఇకపై ఐదుగురు అడిగిన రంగు నేస్తారు. చీర చేరిన 20 రోజులకు ఒక మెసేజ్ పెట్టండి: "ఒకసారి ఉతికారా అండీ? రంగు ఎలా ఉంది?" అమ్మేశాక ఎవరూ అలా అడగరు. బాగుందంటే, చీర కట్టుకున్న ఫోటో ఒకటి పంపమని అడగండి. పేజీలో పెట్టుకోవచ్చా అని విడిగా అనుమతి అడగండి. మీరు కట్టుకున్న వంద ఫోటోల కన్నా కరీంనగర్‌లో ఒక టీచరమ్మ స్కూలు వరండాలో మీ చీర కట్టుకుని తీసుకున్న ఫోటో ఎక్కువ అమ్ముతుంది.

అమెరికాలో, దుబాయ్‌లో ఉన్న మన ఆడపిల్లలను వదులుకోవద్దు. పార్శిల్ ఖర్చు చీర ధరను మించుతుందని భయపడకండి. వాళ్ల అమ్మానాన్నలు గుంటూరులోనో ఖమ్మంలోనో ఉంటారు, ఏడాదికోసారి ఎవరో ఒకరు విమానం ఎక్కుతారు. 'ఎవరైనా ఇక్కడి నుంచి వస్తున్నారా? వాళ్లకు పంపిస్తాను' అనండి. ఒక్క సూట్‌కేసులో ఆరు చీరలు వెళ్లడం నాకు తెలుసు. మీ ఊళ్లో ఉన్నవాళ్లనూ చూడండి. పానకాల స్వామి కొండకు వచ్చే భక్తులు, ఎయిమ్స్‌లో పనిచేయడానికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు మీ ఇంటికి నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నారు. గూగుల్ మ్యాప్స్‌లో ఉచితంగా పేరు పెట్టుకోవచ్చు. ఇంటికి ఎవరుపడితే వాళ్లు రావడం ఇష్టం లేకపోతే అడ్రస్ దాచి, ఫోన్ నంబరు మాత్రమే చూపించే వీలుంది.

6 వేలకు 10 వేల మంది ఫాలోవర్లంటున్న అబ్బాయికి వద్దని చెప్పేయండి. వాళ్లెవరూ చీర కట్టే మనుషులు కాదు, కొంతమంది అసలు మనుషులే కాదు. అలాంటి అంకె పెరిగి కామెంట్లు పెరగకపోతే మీ పోస్టులు నిజమైనవాళ్లకు కూడా తక్కువ చేరతాయి. ఆ ఇన్‌ఫ్లుయెన్సర్ విషయంలోనూ నా మాట వద్దనే. మూడు చీరలంటే మీ ఇంట్లో ఆరు రోజుల నేత. ఆవిడ నిన్న ఫేస్‌క్రీమ్, ఇవాళ బిర్యానీ, రేపు మీ చీర చూపిస్తారు. దాని బదులు రోజూ కాటన్ కట్టుకునే లెక్చరర్‌నో బ్యాంకు ఉద్యోగినినో వెతకండి. వెయ్యి మందే ఫాలో అవుతున్నా పర్వాలేదు. ఒక్క చీర ఇచ్చి, నచ్చితేనే చెప్పమనండి. ఉచితంగా ఇచ్చిన చీర అని పోస్టులో రాయమనండి. ప్రకటనల రంగం తనకు తానే పెట్టుకున్న నియంత్రణ సంస్థ ఆస్కీ 2021 నుంచి ఆ నియమం పెట్టింది. నియమం సంగతి అలా ఉంచినా, దాచితే నమ్మకం పోతుంది.

డబ్బు పెట్టి ప్రకటన ఇవ్వాలనిపిస్తే తొందరపడొద్దు. నోట్‌బుక్‌లో 40 పేర్లు చేరాక మొదలుపెట్టండి. అప్పటికి ఎలాంటివాళ్లు కొంటున్నారో మీకే తెలుస్తుంది. రోజుకు 200 చొప్పున ఐదు రోజులు, వాట్సాప్‌కు తీసుకొచ్చే ప్రకటన పెట్టండి. హైదరాబాద్, బెంగళూరు, విశాఖ లాంటి రెండు మూడు ఊళ్లు, 30 దాటిన ఆడవాళ్లు అని ఎంచుకోండి. వెయ్యి రూపాయలకు ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో కాదు, ఎన్ని చీరలు వెళ్లాయో రాసుకోండి. ఒక్కటీ వెళ్లకపోతే ఆపేసి ఫోటో మార్చండి. ఎప్పుడు పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. వరలక్ష్మీ వ్రతానికి చీర కొనేవాళ్లు నెల ముందు నుంచి వెతుకుతారు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 2015 నుంచి జరుపుతున్నారు. ఆ వారం జనానికి చేనేత గుర్తొస్తుంది. మార్చిలో ఎండలు మొదలవగానే కాటన్ అడుగుతారు. మీకు చీరకు రెండు రోజులు పడుతుంది కాబట్టి శ్రావణమాసం చీరలు జ్యేష్ఠంలోనే మగ్గం ఎక్కాలి.

మోసాల గురించి త్వరగా చెప్పేస్తాను కానీ ఇది మీ ఆయనకూ చదివి వినిపించండి. డబ్బు కట్టామని స్క్రీన్‌షాట్ పంపితే నమ్మొద్దు, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూశాకే పార్శిల్ కట్టండి. 'ఆర్మీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నాను, 30 చీరలు కావాలి, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే అడ్వాన్స్ వస్తుంది' అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. 'మీ పేజీ మీద కాపీరైట్ కేసు ఉంది, ఈ లింకు నొక్కండి' అనే మెసేజ్ పేజీని దొంగిలించడానికే. వాట్సాప్‌కూ ఇన్‌స్టాగ్రామ్‌కూ టూ-స్టెప్ వెరిఫికేషన్ ఇవాళే పెట్టుకోండి. ఏదైనా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. క్యాష్ ఆన్ డెలివరీ మొదటి ఏడాది వద్దు. తీసుకోకుండా తిప్పి పంపే పార్శిళ్ల ఖర్చు మీరు తట్టుకోలేరు. వేరే రాష్ట్రాలకు అమ్మేముందు జీఎస్టీ సంగతి మీ ఊళ్లో ఆడిటర్‌ను ఒకసారి కలిసి అడగండి.

చుట్టాల మాట. మీరు మొహం చూపించి తీరాలనేమీ లేదు. చేతులు, మగ్గం, చీర చాలు. మీకు ఇష్టమై చూపిస్తే అది మీ ఇష్టం, అందులో సిగ్గుపడాల్సింది లేదు. పిల్లలను మాత్రం వీడియోల్లోకి తేవద్దు. పిచ్చి మెసేజ్‌లు పెట్టేవాళ్లకు ఒక్క అక్షరం జవాబివ్వకుండా బ్లాక్ చేయండి. కామెంట్లలో బూతులు దాచే సెట్టింగ్ ఉంది, ఆన్ చేసుకోండి.

ఇక మీ ఆయన మాట. ఆయన భయం తప్పు కాదమ్మా. మాస్టర్ వీవర్ దగ్గర కూలి తక్కువైనా నూలు పెట్టుబడి ఆయనది, అమ్ముడుపోకపోతే నష్టమూ ఆయనదే, మీ చేతికి కూలి మాత్రం ఠంచనుగా వస్తుంది. సొంతంగా చేస్తే ఆ బరువంతా మీ మీద. అప్పు చేసి రెండు మగ్గాలూ ఒకేసారి సొంతానికి తిప్పడం తొందరపాటు. మామగారి మగ్గం మళ్లీ కూలి నేతకు పెట్టండి. మీ ఆయన మగ్గం ఒక్కటి మీ పేజీకి ఉంచండి. అంటే నెలకు 10 చీరలు, 60 ఇళ్లు. ముందు ఆ 19 చీరలు అమ్మేదాకా నిల్వ కోసం కొత్త నూలు కొనొద్దు. ఆరు నెలల తర్వాత నోట్‌బుక్‌లో ఆ 60 ఇళ్ల పేర్లుండి, వాళ్లలో రెండోసారి కొన్నవాళ్లు కూడా ఉంటే, అప్పుడు రెండో మగ్గం సంగతి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. ఈ మాట మీ ఆయనకు మీరే చెప్పండి. ఆయన సగం మాట నెగ్గినట్టు, మీ సగం మాట నెగ్గినట్టు ఉంటుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పనిని చివరికి ఉంచాను. ఇటుక రంగు చీర వచ్చిందన్న ఆవిడ. ఆవిడ తప్పు లేదు. మీరు మోసం చేయలేదు, ట్యూబ్‌లైటు చేసింది, కానీ ఆవిడకు ఆ సంగతి తెలియదు. ఫోన్ మీద నెపం వేసి కామెంట్ తీసేసరికి ఆవిడ అనుమానం నిజమైపోయింది. ఇవాళ సాయంత్రం మగ్గాలు ఆగాక, ఆవిడ చివరి కామెంట్ కింద అందరికీ కనిపించేలా ఇది రాయండి. విడిగా వాయిస్ మెసేజ్ కూడా పెట్టండి:

"అమ్మా, తప్పు మాది. ఆ ఫోటో రాత్రి లైటు కింద తీశాను, అందుకే రంగు ఎర్రగా కనిపించింది. మీ ఫోన్ తప్పని రాసినందుకు, కామెంట్ తీసేసినందుకు క్షమించండి. చీర తిప్పి పంపండి, ఆ పార్శిల్ ఖర్చు కూడా మేమే ఇస్తాం. డబ్బు కావాలంటే డబ్బు, ఎరుపే కావాలంటే ఇప్పుడు మగ్గం మీద ఎర్ర పడుగు వేయిస్తాం. మీరు వీడియో కాల్‌లో చూసి సరే అన్నాకే పంపుతాను."